ఫైర్ ఇన్వెస్టిగేటర్ కావాలంటే: ఫైర్ సర్వీసా, ఫోరెన్సిక్ ల్యాబా, పోలీసా, ఇన్సూరెన్సా?

అమెరికాలో పెద్ద ఊళ్లలో, కౌంటీల్లో "సీనియర్ ఫైర్ అండ్ ఆర్సన్ ఇన్వెస్టిగేటర్" అని ఒక పోస్టు ఉంటుంది. ఆర్సన్ అంటే కావాలని నిప్పు పెట్టడం. మంట ఆరాక లోపలికి వెళ్లి, అది ఎక్కడ పుట్టింది, ఎలా పుట్టింది, ఎవరైనా పెట్టారా అని తేల్చడమే ఆయన ఉద్యోగం. మన దగ్గర ఆ పేరుతో కుర్చీ లేదు. పని మాత్రం ఉంది. దాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు శాఖలకు పంచారు. అందుకే "ఇందులోకి వెళ్లాలంటే ఏం చదవాలి?" అని అడిగిన పిల్లలకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. ముందు వాళ్లను ఇంకో ప్రశ్న అడగాలి: నీకు ఏది తెలుసుకోవాలని ఉంది?

మంట ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలా? అది మొదట ఫైర్ ఆఫీసర్ పని. కాలిన గుడ్డలో పెట్రోలు ఉందో లేదో తేల్చాలా? అది ఫోరెన్సిక్ ల్యాబ్ పని. పెట్టింది ఎవరో పట్టుకోవాలా? పోలీసు. నష్టం ఎంత, కంపెనీ కట్టాలా వద్దా చెప్పాలా? ఇన్సూరెన్స్ సర్వేయర్. ఈ నాలుగింటిలో చదువు వేరు, జీతం వేరు, కోర్టులో మాటకుండే బరువు వేరు.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లు కాలిపోయినప్పుడు ఈ పంపకం ఎలా ఉంటుందో రాష్ట్రమంతా చూసింది. మొదట షార్ట్ సర్క్యూట్ అనే మాట వినపడింది. తర్వాత కావాలనే పెట్టారనే అనుమానం బలపడి కేసు సీఐడీకి వెళ్లింది. మధ్యలో ఫైర్ వాళ్లు, కరెంటు వాళ్లు, ఫోరెన్సిక్ వాళ్లు, పోలీసులు అందరూ అదే గదుల్లో తిరిగారు. ఒక్కొక్కరు వెతికేది ఒక్కొక్కటి. మీరు ఆ గదిలో ఎవరుగా నిలబడాలనుకుంటున్నారో తేల్చుకోవడానికే ఈ పోలిక.

ముందు అసలు పని ఏమిటో చూద్దాం

ఏ దారిలో వెళ్లినా పని వరస ఒకటే. ముందు మొదలైన చోటు, తర్వాత కారణం. చోటు తేలకుండా కారణం చెప్పేవాడి మాట నమ్మకూడదు. తక్కువ కాలిన వైపు నుంచి ఎక్కువ కాలిన వైపుకు నడుస్తూ, గోడల మీద మసి, చెక్క ఎంత లోతుగా కాలింది, కిటికీ ఊచలు ఎటు వంగాయి, సీలింగ్ ఎక్కడ ముందు ఊడింది అన్నీ ఫొటోలు తీసుకుంటూ పోవాలి. ఒక్క వస్తువు కదిపే ముందు అది ఉన్నచోట ఉన్నట్టే ఫొటో ఉండాలి. చివరికి కారణాన్ని నాలుగు అరల్లో ఒకదాంట్లో వేస్తారు: ప్రమాదవశాత్తు, ప్రకృతి వల్ల, కావాలని పెట్టింది, తేలలేదు. ఆ నాలుగో అర వాడాలంటే ధైర్యం కావాలి. "తేలలేదు" అని రాసినవాణ్ని చేతకానివాడిగా చూసే అలవాటు పై అధికారులకూ ఉంది, విలేకరులకూ ఉంది.

మన పేపర్లలో ప్రతి అగ్నిప్రమాదం కిందా "షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా భావిస్తున్నారు" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని నిలబెట్టడమో కొట్టేయడమో చేయాలంటే ఎంత పనో ఒక్క రాగి తీగ చూస్తే తెలుస్తుంది. కాలిన గదిలో దొరికిన వైరు చివర చిన్న గుండ్రటి పూస ఉందనుకోండి. ఆ పూస నున్నగా ఉండి, దాని వెనకే తీగ ఏమీ కరగకుండా మామూలుగా ఉంటే, కరిగిన చోటికీ కరగని చోటికీ మధ్య గీత గీసినట్టు ఉంటే, అక్కడ కరెంటు ఆర్క్ (తీగల మధ్య మెరుపులా దూకే కరెంటు) కొట్టిందని అర్థం. తీగ పొడుగునా సన్నబడుతూ, అక్కడక్కడ బొట్లు బొట్లుగా సాగి ఉంటే అది మంట వేడికి కరిగిన రాగి. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అల్యూమినియం 660 దగ్గరే. పూర్తిగా అంటుకున్న గదిలో అల్యూమినియం కరిగితే అందులో వింతేమీ లేదు.

సరే, ఆర్క్ పూస దొరికింది. కేసు తేలిపోయిందా? తేలలేదు. వేరే ఎక్కడో పుట్టిన మంట వచ్చి వైరు మీది ప్లాస్టిక్ తొడుగును కాల్చేస్తే, అప్పటికి కరెంటు ఇంకా ఉంటే, అప్పుడూ రెండు తీగలు కలిసి అదే పూస వస్తుంది. షార్ట్ సర్క్యూట్ వల్ల మంట వచ్చిందా, మంట వల్ల షార్ట్ సర్క్యూట్ వచ్చిందా? ఇంట్లో ఏ సర్క్యూట్ మీద ఎక్కడెక్కడ ఆర్క్ కొట్టిందో, ఏ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్) పడిందో గీసుకుని చూస్తే తప్ప చెప్పలేం. ఈ తిక్క ప్రశ్న మీకు ఆసక్తిగా అనిపిస్తే మీరు ఈ రంగానికి పనికొస్తారు. విసుగనిపిస్తే ఇప్పుడే ఇంకో లైను చూసుకోండి.

ఫైర్ సర్వీస్

మంటను మండుతుండగా చూసేది వీళ్లొక్కరే. పొగ ఏ రంగులో ఉంది, వెళ్లేసరికి తలుపు గడియ పెట్టి ఉందా తీసి ఉందా, మంట మొదట ఏ కిటికీలోంచి వచ్చింది, నీళ్లు కొడుతుంటే ఎక్కడ మళ్లీ మళ్లీ అంటుకుంది అన్నది వాళ్లు కళ్లారా చూసే సాక్ష్యం. తర్వాత వచ్చేవాళ్లందరికీ బూడిదే మిగులుతుంది.

చేరడం పోలీస్ రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ల ద్వారా. ఫైర్‌మన్‌కు ఇంటర్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌కు డిగ్రీ అడుగుతారు. ఎత్తు, ఛాతీ, పరుగు పరీక్షలు తప్పవు. స్టేషన్ ఫైర్ ఆఫీసర్ నుంచి అసిస్టెంట్ డీఎఫ్‌వో, డీఎఫ్‌వో (జిల్లా ఫైర్ ఆఫీసర్), రీజనల్ ఫైర్ ఆఫీసర్ వరకు మెట్లున్నాయి. చదువుతోనే ఈ వైపు రావాలనుకుంటే నాగపూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉంది. కేంద్ర హోం శాఖ కింద 1956లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో పెట్టి, మరుసటి ఏడాది నాగపూర్‌కు మార్చారు. అక్కడ ఫైర్ ఇంజినీరింగ్ డిగ్రీతో పాటు సబ్ ఆఫీసర్, స్టేషన్ ఆఫీసర్, డివిజనల్ ఆఫీసర్ కోర్సులు నడుస్తాయి. కొచ్చి యూనివర్సిటీలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్ బీటెక్ కూడా పాత కోర్సే, మంచి పేరున్నదే.

ఇక్కడొక హెచ్చరిక. విశాఖలో, హైదరాబాద్‌లో ప్రతి బస్టాండు గోడ మీదా కనపడే "ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా, గల్ఫ్‌లో ఉద్యోగం" కోర్సులు వేరే సంగతి. అవి కంపెనీల్లో సేఫ్టీ ఆఫీసర్, స్టీవర్డ్ పనులకు పనికొస్తాయేమో గానీ, ఇన్వెస్టిగేషన్‌కు ఆ కాగితం అక్కరకు రాదు. రెండింటిలోనూ "ఫైర్" అనే మాట ఉందని ఫీజు కట్టేయకండి.

ఇక ఫైర్ సర్వీస్‌లో లోటు. దర్యాప్తుకు దొరికే సమయం చాలా తక్కువ. మంట ఆర్పాలి, మనుషుల్ని బయటికి తేవాలి, ఎన్‌వోసీ తనిఖీలు చూడాలి, పండగలకు బందోబస్తు చేయాలి. వేసవిలో గడ్డివాముల కాల్స్ వరసగా వస్తూనే ఉంటాయి. ఫైర్ రిపోర్టులో కాల్ ఎప్పుడొచ్చింది, బండి ఎప్పుడు చేరింది, ఎంత ఆస్తి పోయింది, ఎంత కాపాడారు, కారణం ఏమిటి అని గడులుంటాయి. ఆ కారణం గడి చాలాసార్లు రెండు మాటలతో నిండుతుంది. వాళ్లను తప్పుపట్టలేం, ఇంకో కాల్ వచ్చేస్తుంది. ఇంకో చిక్కు ఏంటంటే, ఆర్పే పనిలోనే సాక్ష్యం చెదిరిపోతుంది. గొట్టంతో కొట్టిన నీళ్లు, గునపంతో పెరికిన సీలింగ్, బయటికి విసిరేసిన పరుపులు. ఇన్వెస్టిగేషన్ మీద మనసున్న ఒక్క ఆఫీసర్ స్టేషన్లో ఉంటే ఆ జిల్లాలో సాక్ష్యం నాణ్యతే మారిపోతుంది. ఎందుకంటే ఏది కదపాలి, ఏది వదిలేయాలి అని అక్కడికక్కడే చెప్పగలిగేది ఆయనొక్కడే.

ఫోరెన్సిక్ ల్యాబ్

నా లెక్కలో ప్రభుత్వ ఉద్యోగం కావాలి, సైన్స్ వదలకూడదు అనుకునేవాళ్లకు ఇదే మెరుగైన దారి. ముఖ్యంగా ఇప్పుడు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరం జరిగిన చోటికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. దీన్ని అమల్లో పెట్టడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువిచ్చారు. నిప్పు పెట్టే నేరం ఆ గీత లోపలికే వస్తుంది. పాత ఐపీసీ 435, 436 సెక్షన్లు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 326 సెక్షన్ ఎఫ్, జీ క్లాజులయ్యాయి. మొదటిదానికి ఏడేళ్ల వరకు, ఇల్లు లాంటి కట్టడాన్ని తగలబెట్టే రెండోదానికి పదేళ్ల వరకు లేదా యావజ్జీవం. ఇంత పని మీద పడినప్పుడు మనుషుల్ని తీసుకోక తప్పదు.

చదువు సంగతి. సైంటిఫిక్ ఆఫీసర్‌కు సాధారణంగా కెమిస్ట్రీ, ఫిజిక్స్ లేదా ఫోరెన్సిక్ సైన్స్‌లో పీజీ అడుగుతారు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ 2020 చట్టంతో జాతీయ సంస్థ అయింది. మంటల మీదే పని చేయాలనుకునేవాడికి నేను మాత్రం మంచి కాలేజీలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ లేదా అనలిటికల్ కెమిస్ట్రీనే చెబుతాను. ఫోరెన్సిక్ పీజీలో వేలిముద్రల నుంచి విషాల దాకా అన్నీ తలా కాస్త చెబుతారు. మీకు కావాల్సింది గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (ఆవిరిలోని రసాయనాలను విడదీసి గీతగా చూపించే మిషన్) గీతను చూసి ఇది పెట్రోలా, కిరోసినా, కాలిన కార్పెట్ నుంచే వచ్చిన వాసనా అని విడదీయగల కన్ను. అది కెమిస్ట్రీ కూర్చోబెట్టి నేర్పే విద్య. ఉద్యోగం వచ్చాక ఫోరెన్సిక్ పద్ధతులు ఎలాగూ నేర్పుతారు.

ఈ ల్యాబ్‌లో ఎక్కువ నిరాశ కలిగించేది మిషన్లు కావు, శాంపిల్ వచ్చే తీరు. పెట్రోలు ఆవిరి మామూలు పాలిథీన్ సంచిలోంచి బయటికి పోతుంది. గాలి చొరబడని డబ్బా గానీ, మూత బిగించిన గాజు సీసా గానీ, నైలాన్ సంచి గానీ కావాలి. ఊళ్లో పంచనామా రాసి, కాలిన గుడ్డ ముక్కను కిరాణా కవర్లో చుట్టి, లక్క సీలు వేసి పంపితే ల్యాబ్‌కు చేరేసరికి అందులో బొగ్గే మిగలొచ్చు. పైగా అదే గదిలో అనుమానం లేని చోటి నుంచి పోల్చుకోవడానికి ఇంకో ముక్క పంపాలి. అది పంపకపోతే "ఈ రసాయనం పోసిందా, కార్పెట్‌లోనే ఉందా" అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. పోసిన ద్రవం కిందికి జారుతుంది కాబట్టి గోడ మొదట్లో, పగుళ్లలో, నేల మట్టిలో వెతకాలి. పైపైన బూడిద ఎత్తిస్తే లాభం లేదు. క్లూస్ టీమ్ వాళ్లలో ఈ సంగతి బాగా తెలిసినవాళ్లున్నారు, వాళ్లు వచ్చేలోపే చీపురు పట్టేవాళ్లూ ఉన్నారు.

కోర్టు వైపు నుంచి చూస్తే ల్యాబ్‌కు పెద్ద వెసులుబాటు ఉంది. పాత సీఆర్‌పీసీ 293, ఇప్పటి సురక్షా సంహిత 329 సెక్షన్ ప్రకారం రాష్ట్ర, కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌ల అసిస్టెంట్ డైరెక్టర్, ఆపై స్థాయివాళ్లు సంతకం చేసిన రిపోర్టును వాళ్లు బోనెక్కకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. కోర్టు పిలిస్తే మాత్రం వెళ్లాలి. ల్యాబ్‌లో "సీనియర్" అనే మాటకు అసలు అర్థం అదే: మీ సంతకంతో రిపోర్టు బయటికి వెళ్లే రోజు.

ఇక అసలు ఇబ్బంది. కెమికల్ విభాగంలో చేరినా మంటలే రావు. ఏసీబీ ట్రాప్ కేసుల్లో చేతులు కడిగిన గులాబీ రంగు నీళ్లు, కల్తీ పెట్రోలు, పేలుడు పదార్థాలు అన్నీ అదే బల్ల మీదికి వస్తాయి. చాలాసార్లు కాలిన ఇల్లు మీకు కనపడదు, దాని ముక్క కనపడుతుంది. చోటు చూడకుండా కారణం చెప్పమని అడిగే ఐవోలు (దర్యాప్తు అధికారులు) ఉంటారు. చెప్పకూడదు. "ఈ శాంపిల్‌లో పెట్రోలు ఆనవాళ్లున్నాయి" అనడం వేరు, "పెట్రోలు పోసి తగలబెట్టారు" అనడం వేరు.

పోలీసు

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నిప్పు పెట్టిన కేసులు ఎక్కువగా తేలేది బూడిదలో కాదు, మనుషుల్లో. గడ్డివాము తగలబెట్టిన కేసులో పొలం గట్టు తగాదా ఎవరితో ఉందో ఊరందరికీ తెలుసు. గోదాము కాలితే బ్యాంకు అప్పు ఎంత, స్టాకు ఎప్పుడు తరలించారు, సీసీ కెమెరా ఎప్పుడు ఆగింది అన్నవే దారి చూపిస్తాయి. ఈ వెతుకులాట ఇష్టమైతే ఎస్సై పరీక్ష రాయండి. కానీ మీరు మంటల నిపుణులవుతారని అనుకోకండి. నిన్న మంట, ఈరోజు దొంగతనం, రేపు యాక్సిడెంట్. బదిలీ అయితే సగం కేసు వేరేవాళ్ల చేతికి పోతుంది. ఆర్సన్ మీదే ప్రత్యేకంగా ఎదిగే మెట్లు మన పోలీసు శాఖలో లేవు.

సర్వేయర్, ప్రైవేటు నిపుణుడు

మంట ఎందుకు వచ్చిందన్న ఒక్క ప్రశ్న మీదే జీవితాంతం పని చేయాలంటే, మన దేశంలో దానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే. హైదరాబాద్‌వాళ్లకు ఇంకో అనుకూలం: ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కార్యాలయం, సర్వేయర్ల సంస్థ ఐఐఐఎస్‌ఎల్‌ఏ కార్యాలయం రెండూ ఇక్కడే.

1938 నాటి ఇన్సూరెన్స్ చట్టం 64యూఎం సెక్షన్ కింద, నిర్ణీత మొత్తం దాటిన క్లెయిమ్‌ను లైసెన్సున్న సర్వేయర్ చూడాలి. ఇంజినీరింగ్ డిగ్రీ గానీ, సీఏ లాంటి అర్హత గానీ ఉండాలి. సీనియర్ సర్వేయర్ దగ్గర శిక్షణ పొందాలి, సర్వేయర్ పరీక్ష పాస్ కావాలి. ఫైర్, ఇంజినీరింగ్, మోటార్, మెరైన్ లాంటి విభాగాల్లో మీకు ఏవి ఇస్తారన్నది మీ చదువును బట్టి. లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలో అని మెట్లుంటాయి. పెద్ద ఫ్యాక్టరీ నష్టాలు పై మెట్టువాళ్లకే వస్తాయి.

సర్వేయర్ పని సగం ఇంజినీరు పని, సగం అకౌంటెంటు పని. కాలిపోయిన స్పిన్నింగ్ మిల్లు ముందు యజమాని కూలబడి ఉంటే స్టాకు రిజిస్టర్, జీఎస్టీ రిటర్నులు, కొనుగోలు బిల్లులు అడగాలి. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట" అన్న సామెత మిమ్మల్ని చూసే పుట్టిందని ఆయన అనుకుంటాడు. అయినా అడగాలి. అడిగే తీరులోనే ఉంటుంది అనుభవం. ఆ రోజు ఫొటోలు, కొలతలు, తడవని కాగితాలు చాలు, మిగతావి నాలుగు రోజులాగి అడగొచ్చని తెలిసినవాడే మంచి సర్వేయర్.

చాలామంది కుర్రాళ్లకు తెలియని చట్టం సంగతి ఒకటుంది. ఇన్సూరెన్స్‌లో మంట కచ్చితంగా ఎలా వచ్చిందన్నది అన్నిసార్లూ ముఖ్యం కాదు. పాలసీదారుడు తనంతట తాను పెట్టించింది కాకపోతే, షార్ట్ సర్క్యూటా మరొకటా అన్నది పెద్దగా లెక్కలోకి రాదని సుప్రీంకోర్టు 2023లో ముదిత్ రోడ్‌వేస్ కేసులో చెప్పింది. అంతకు ముందు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో, సర్వేయర్ రిపోర్టు ముఖ్యమే గానీ అదే ఆఖరి మాట కాదని కూడా చెప్పింది. అంటే ఊహ మీద "అనుమానాస్పదం" అని రాసి క్లెయిమ్ ఆపించే సర్వేయర్ కన్జ్యూమర్ కమిషన్ ముందు నిలబడలేడు. పెట్టించాడు అంటే ఎలా పెట్టించాడో, ఏ సాక్ష్యంతో అంటున్నావో చూపించాలి. ఇక్కడే సర్వేయర్లు కాని నిపుణులకు పని దొరుకుతుంది. నష్టం పెద్దదై కారణం తేలకపోతే కంపెనీలు విడిగా ఫోరెన్సిక్ ఇంజినీరును పెడతాయి. హైదరాబాద్‌లో 2007లో మొదలైన ట్రూత్ ల్యాబ్స్ లాంటి ప్రైవేటు ఫోరెన్సిక్ సంస్థలూ ఉన్నాయి.

డబ్బు సంగతి సూటిగా చెప్పాలంటే, మొదటి కొన్నేళ్లు ఇబ్బందే. పేరు లేనిదే పెద్ద పని రాదు, చిన్న మోటార్ క్లెయిములతో నెట్టుకురావాలి. పేరొచ్చాక ఈ నాలుగు దారుల్లో ఎక్కువ సంపాదన దీంట్లోనే. ఒత్తిడి కూడా దీంట్లోనే ఎక్కువ. ఫీజు ఇచ్చేది కంపెనీ, కన్నీళ్లు పెట్టుకునేది పాలసీదారు. రెండు వైపుల నుంచీ ఫోన్లు వస్తాయి. నెలనెలా జీతం పడితేనే ఇల్లు గడిచే పరిస్థితి ఉంటే ఇందులోకి దూకకండి.

ఈఈఈ చదివినవాళ్లకు ఇంకో చిన్న దారి ఉంది: రాష్ట్ర ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్. 2003 విద్యుత్ చట్టం 161 సెక్షన్ కింద కరెంటు వల్ల ప్రాణం పోయినా, గాయమైనా విచారణ చేసేది వీళ్లే. గ్యాస్, పెట్రోలియం, బాణసంచా ప్రమాదాలైతే నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఉంటుంది, దానికి యూపీఎస్సీ ద్వారా వెళ్లాలి. రెండూ పోస్టులు తక్కువగా ఉండే శాఖలు. వాటినే నమ్ముకుని కూర్చోవద్దు, నోటిఫికేషన్ వస్తే వదలొద్దు.

విదేశీ సర్టిఫికెట్లు కొనాలా?

ఈ రంగానికి ప్రపంచమంతా తిరిగేసే పుస్తకం అమెరికా నుంచి వచ్చింది. ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికాలో అగ్ని భద్రతా ప్రమాణాలు రాసే సంస్థ) 921 అనే గైడు 1992లో మొదటిసారి వెలువడింది. మంటను శాస్త్రీయ పద్ధతిలో ఎలా దర్యాప్తు చేయాలో అది చెబుతుంది. ఇన్వెస్టిగేటర్‌కు ఏం తెలిసుండాలో చెప్పేది ఎన్‌ఎఫ్‌పీఏ 1033. దాని 2014 ఎడిషన్ 16 విషయాలు లెక్కబెట్టింది. థర్మోడైనమిక్స్, ఫైర్ కెమిస్ట్రీ, పేలుళ్లు, కంప్యూటర్ మోడలింగ్, కరెంటు, సాక్ష్యాల భద్రత... ఇంటర్ స్థాయిని మించిన జ్ఞానం వీటన్నిటిలో ఉండాలి, ఉన్నదాన్ని ఎప్పటికప్పుడు తాజా చేసుకోవాలి.

సర్టిఫికెట్లలో రెండు పేర్లు వినపడతాయి. ఫైర్ ఇన్వెస్టిగేటర్ల సంఘాల్లో నాఫీ ఇచ్చే సీఎఫ్‌ఈఐ, 1949లో పుట్టిన ఐఏఏఐ ఇచ్చే సీఎఫ్‌ఐ. సీఎఫ్‌ఈఐ కాస్త సులువు, 921 మీద బాగా చదివితే రాయొచ్చు. సీఎఫ్‌ఐ బరువైనది. చదువు, శిక్షణ, చేసిన దర్యాప్తులు, అన్నిటికీ పాయింట్లు కట్టి, అవి చాలితేనే పరీక్షకు కూర్చోనిస్తారు. రెండూ ఐదేళ్లకోసారి కొత్తగా పొందాలి. నా సలహా: అనుభవం లేకుండా ఏదీ కొనకండి. మన కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం 39 సెక్షన్ కింద నిపుణుడిగా నిలబడాలంటే పేరు వెనక అక్షరాలకన్నా "మీరు ఎన్ని మంటలు చూశారు, ఈ మంటలో ఏం చూశారు" అన్న ప్రశ్నకు జవాబు కావాలి. ఇన్సూరెన్స్ వైపు నాలుగైదేళ్లు పనిచేశాక, విదేశీ రీఇన్సూరెన్స్ కంపెనీలు (ఇన్సూరెన్స్ కంపెనీలకే ఇన్సూరెన్స్ ఇచ్చేవి) కూడా మీ రిపోర్టు చదివే దశ వచ్చాక, అప్పుడు సీఎఫ్‌ఈఐ గానీ సీఎఫ్‌ఐ గానీ డబ్బుకు తగ్గ విలువ ఇస్తుంది. ఇప్పుడు కావాల్సింది ఐఏఏఐ నడిపే సీఎఫ్‌ఐ ట్రైనర్ అనే సైటు. పాఠాలు ఉచితం. ఇంటర్ చదివినవాడు కూడా ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకు, వెళ్లాలనుకునేవాళ్లకు

అక్కడ దారులు ప్రధానంగా రెండు. ప్రభుత్వం వైపు వెళ్లాలంటే సాధారణంగా ముందు ఫైర్‌ఫైటర్‌గానో పోలీసుగానో కొన్నేళ్లు చేయాలి, ఆ తర్వాతే ఇన్వెస్టిగేటర్. ఫెడరల్ స్థాయిలో ఏటీఎఫ్‌కు (ఆయుధాలు, పేలుడు పదార్థాలు, ఆర్సన్ కేసులు చూసే సంస్థ) సొంత సర్టిఫైడ్ ఫైర్ ఇన్వెస్టిగేటర్ శిక్షణ ఉంది, రెండేళ్లు పడుతుంది. మేరీల్యాండ్‌లోని వాళ్ల ల్యాబ్‌లో గదులకు గదులే కట్టి తగలబెట్టి పరీక్షిస్తారు. ఏజెంట్ కావాలంటే అమెరికా పౌరసత్వం తప్పనిసరి. కాబట్టి ఎఫ్1 మీద వెళ్లిన తెలుగు విద్యార్థికి ఆ తలుపు మూసే ఉంటుంది. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం మంచి అవకాశం. మనవాళ్లు ఆ వైపు చూడరు గానీ, చూడొచ్చు.

ఎమ్మెస్ చేసేవాళ్లకు పనికొచ్చేది ప్రైవేటు ఇంజినీరింగ్ సంస్థలు. మేరీల్యాండ్ యూనివర్సిటీ, మసాచుసెట్స్‌లోని డబ్ల్యూపీఐ (వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్), ఈ రెండింట్లో ఫైర్ ప్రొటెక్షన్ ఇంజినీరింగ్‌కు చాలా పేరుంది. చదువయ్యాక ఈఐటీ (ఇంజినీరు లైసెన్సుకు మొదటి మెట్టు), తర్వాత పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సు తెచ్చుకుంటే మంటల కేసుల్లో ఎలక్ట్రికల్, మెకానికల్ నిపుణుడిగా నిలదొక్కుకోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో ప్రైవేటుగా మంట కారణం చెప్పడానికి ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ లైసెన్సు కూడా అడుగుతారు, చేరే ముందు కనుక్కోండి.

అక్కడ అర్హతల గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, దానికి ఒక ప్రాణం మూల్యం. 1991 డిసెంబరు 23న టెక్సస్‌లోని కోర్సికానాలో ఒక ఇల్లు కాలి ముగ్గురు చిన్నపిల్లలు చనిపోయారు. తండ్రి కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామే నిప్పు పెట్టాడని ఇన్వెస్టిగేటర్లు సాక్ష్యం చెప్పారు. నేల మీద ద్రవం పోసినట్టున్న మచ్చలు, కిటికీ గాజు మీద సాలెగూడులా సన్నటి పగుళ్లు, వీటిని పెట్రోలియం ద్రవం వాడిన గుర్తులుగా చూపించారు. 2004 ఫిబ్రవరి 17న ఆయనకు మరణశిక్ష అమలైంది. అదే 1991లో కాలిఫోర్నియాలో ఓక్లాండ్ కొండల మీద ఇళ్లు వరసగా తగలబడ్డాయి. ఎవరూ ఏ ద్రవమూ పోయని ఆ ఇళ్ల శిథిలాల్లో అవే పగుళ్ల గాజులు బోలెడు దొరికాయి. వేడెక్కిన గాజు మీద ఒక్కసారిగా నీళ్లు పడితే అలా పగులుతుందని ల్యాబ్‌లోనూ తేలింది. గదంతా ఒక్కసారిగా అంటుకునే దశ దాటితే నేల మీద "పోసినట్టున్న" మచ్చలు వాటంతట అవే వస్తాయని కూడా తేలింది. విల్లింగ్‌హామ్ కేసులో ఆర్సన్ అనడానికి శాస్త్రీయ ఆధారం లేదని 2009లో టెక్సస్ ఫోరెన్సిక్ సైన్స్ కమిషన్ కోరిన నిపుణుడు రిపోర్టిచ్చాడు. అప్పటికి ఆ మనిషి పోయి ఐదేళ్లు.

ఇంకో కేసు కూడా వినండి. కాలిఫోర్నియాలోని గ్లెండేల్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో జాన్ ఓర్ అనే కెప్టెన్ పేరున్న ఆర్సన్ ఇన్వెస్టిగేటర్. తర్వాత చూస్తే ఏళ్ల తరబడి నిప్పు పెడుతున్నది ఆయనే. 1984లో నలుగురు చనిపోయిన హార్డ్‌వేర్ స్టోర్ మంట కూడా ఆయన పనేనని 1998లో శిక్ష పడింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈయన్ని వేలిముద్ర పట్టించింది.

ఎవరికి ఏది?

ఇంటర్ ఎంపీసీలో ఉండి ఇంకా ఏదీ ఎంచుకోనివాళ్లకు: ఈఈఈ తీసుకోండి. ఫైర్ ఇంజినీరింగ్ కన్నా నేను దీన్నే ముందు పెడతాను. దీంతో సర్వేయర్ కావొచ్చు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్‌కు వెళ్లొచ్చు, డిగ్రీ కాబట్టి స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పరీక్షా రాయొచ్చు, ఎమ్మెస్‌కూ వెళ్లొచ్చు. మంటల్లో ముందుగా అనుమానించేది కరెంటునే. ఆ అనుమానాన్ని తేల్చగలిగినవాళ్లు తక్కువ. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో రూబీ లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట లేచి, పైన గదుల్లో ఉన్న 8 మంది చనిపోయారు. ఇలాంటి బ్యాటరీ మంటలు ఇక ముందు పెరిగేవే. సెల్ ఎందుకు వేడెక్కింది, ఛార్జర్ తప్పా బ్యాటరీ తప్పా అని చెప్పగలిగేవాళ్ల కోసం కంపెనీలు, ఇన్సూరెన్స్‌వాళ్లు, పోలీసులు ముగ్గురూ వెతుకుతారు.

బీఎస్సీ కెమిస్ట్రీలో ఉన్నవాళ్లు అటూ ఇటూ చూడకుండా పీజీ చేసి ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) నోటిఫికేషన్ కోసం తయారవండి. నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రాకపోవచ్చు. ఆ లోపు ఏదైనా ఫార్మా ల్యాబ్‌లో జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్), మాస్ స్పెక్ట్రోమీటర్ మీద చేయి తిప్పుకోండి, ఇంటర్వ్యూలో ఆ అనుభవానికే ముందు ప్రశ్న వస్తుంది.

ఇప్పటికే ఫైర్ సర్వీస్‌లో ఉన్నవాళ్లు ఉద్యోగం మానుకోవద్దు. సాక్ష్యం కాపాడటంలో, ఫొటోలు తీయడంలో, రిపోర్టు రాయడంలో మెరుగుపడితే మీ జిల్లాలో అనుమానం ఉన్న ప్రతి మంటకూ మిమ్మల్నే పిలుస్తారు. రిటైరయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీలకు సలహాదారుగా వెళ్లినవాళ్లూ ఉన్నారు. బీకాం, సీఏ వైపు నుంచి వచ్చేవాళ్లకు సర్వేయర్ దారి తెరిచే ఉంది గానీ, కారణం తేల్చే పనిలో మీరు ఇంజినీరు మీద ఆధారపడాలి. మీ బలం స్టాకు లెక్కల్లో. లేని సరుకును కాలిపోయిందని చూపించే మోసాన్ని పట్టేది మీరే, బూడిద తవ్వేవాడు కాదు.

ఉబ్బసం ఉన్నవాళ్లు ఫీల్డు పని ఎంచుకోవద్దు. ఆరిన మంటలో కూడా రోజుల తరబడి విషవాయువులు, పాత కట్టడాల్లో ఆస్‌బెస్టాస్ ధూళి ఉంటాయి. మామూలు కర్చీఫ్ కట్టుకుని బూడిద తవ్వే సీనియర్లను చూసి నేర్చుకోకండి, మంచి రెస్పిరేటర్ మీ డబ్బుతోనైనా కొనుక్కోండి. రాయడం ఇష్టం లేనివాళ్లు కూడా ఆలోచించుకోవాలి. ఈ పనిలో తవ్వేదానికన్నా రాసేదే ఎక్కువ. ఇవాళ రాసిన రిపోర్టు మీద ఐదేళ్ల తర్వాత, ఆ ఇల్లే కూల్చేశాక, డిఫెన్స్ లాయరు "ఫొటో నంబర్ 14లో స్విచ్‌బోర్డు కవర్ ఎటు ఉందండీ?" అని అడుగుతాడు.

నాలుగింటిలో ఏదీ తేల్చుకోలేకపోతే, దగ్గర్లో ఫైర్ విభాగం లైసెన్సున్న సర్వేయర్‌ను పట్టుకుని, నాలుగైదు సైట్లకు వెంట వస్తానని అడగండి. ఫీజు అడగరు, కెమెరా బ్యాగు మోయమంటారు. తడిసిన బూడిద వాసన మూడో సైటుకు అలవాటవుతుందో, వాంతి తెప్పిస్తుందో అక్కడే తెలిసిపోతుంది, కోర్సు ఫీజు అప్పుడు కట్టొచ్చు.